గుండె ఆపరేషన్ ఫలితాలను జాతీయ రోగుల రిజిస్టర్‌తో లెక్కగట్టడం ఎలా: స్వీడన్ డేటాతో అంచెలంచెలుగా

ఆసుపత్రి కేసు షీటు డిశ్చార్జి రోజుతో ఆగిపోతుంది. కవాటం మార్చిన రోగికి తర్వాత పక్షవాతం వచ్చిందా, పేగుల్లో రక్తస్రావమై వేరే ఊరి ఆసుపత్రిలో చేరాడా, పన్నెండో ఏట కవాటం పాడై మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాడా అన్నది ఆ షీటులో ఉండదు. ఆపరేషన్ మంచిదో కాదో తేల్చేవి మాత్రం అవే. దేశం మొత్తానికి ఒకే రోగుల రిజిస్టర్, ప్రతి మనిషికీ జీవితాంతం మారని ఒకే గుర్తింపు సంఖ్య ఉన్నచోట వాటిని లెక్కగట్టవచ్చు. ఇందుకు స్వీడన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ, కార్డియాక్ సర్జరీ చదువుతూ ఇలాంటి డేటాతో మొదటిసారి పనిచేయబోయేవారికి ఈ మార్గదర్శి. మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణ తీసుకుందాం: 50 నుంచి 69 ఏళ్ల మధ్య బృహద్ధమని కవాటం మార్పించుకున్నవారిలో మెకానికల్ వాల్వ్, అంటే మన రోగులు మెటల్ వాల్వ్ అనేది, ఎక్కువకాలం బతికిస్తుందా, జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వా? ఈ ప్రశ్నకు స్వీడన్ రిజిస్టర్లతో నిజంగానే జవాబు వెతికారు. 1997 నుంచి 2013 వరకు ఆపరేషన్ అయిన 4,545 మందిని పోల్చారు. మెకానికల్ వాల్వ్ వేసినవారు ఎక్కువకాలం బతికారు, వారిలో రక్తస్రావాలు ఎక్కువయ్యాయి. టిష్యూ వాల్వ్ వేసినవారిలో మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. పక్షవాతంలో తేడా కనిపించలేదు. ఇలాంటి జవాబు దాకా ఎలా వెళ్తారో, దారిలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చూద్దాం.

మొదటి అంచె: డేటా అడగకముందే ప్రశ్న రాసిపెట్టుకోవాలి

రిజిస్టర్ చేతికొచ్చాక ప్రశ్న వెతుక్కునేవారు ఏదో ఒక తేడా కనిపించేదాకా వెతుకుతూనే ఉంటారు, చివరికి అదే ఫలితమని రాస్తారు. అందుకే ఒక్క పేజీలో ఐదు విషయాలు ముందే తేల్చుకోండి. ఎవరు అర్హులు, దేన్ని దేనితో పోలుస్తున్నారు, గడియారం ఏ రోజున మొదలవుతుంది, ఏ ఫలితాన్ని లెక్కిస్తారు, లెక్క ఎప్పుడు ఆగుతుంది. ఇదే ప్రశ్నకు చీటీలు తీసి రోగులను పంచే ప్రయోగం చేయగలిగితే దాన్ని ఎలా చేసేవారో ఊహించి రాస్తే ఈ ఐదూ వాటంతటవే తేలతాయి.

వీటిలో మూడోది, సున్నా రోజు, అన్నిటికంటే కీలకం. మన ఉదాహరణలో అది ఆపరేషన్ జరిగిన తేదీ. ఆసుపత్రిలో చేరిన తేదీ తీసుకుంటే పది రోజులు వేచి ఉన్న రోగికి ఆ పది రోజులూ ఉత్తినే బతికిన రోజులుగా కలుస్తాయి. డిశ్చార్జి తేదీ తీసుకుంటే బల్ల మీద, ఐసీయూలో పోయినవారంతా లెక్కలోంచి జారిపోతారు. సున్నా రోజుకు ముందు తెలిసినదానితోనే రోగి ఏ గుంపువాడో, ఎంత జబ్బుతో ఉన్నాడో నిర్ణయించాలి. ఆ తర్వాత జరిగినది ఫలితంలోకే వెళ్లాలి. రిజిస్టర్ అధ్యయనాల్లో పెద్ద తప్పులు సగానికి పైగా ఈ గీత దాటడం వల్లే వస్తాయని మా అభిప్రాయం.

రెండో అంచె: ఏ రిజిస్టర్‌లో ఏముందో, ఏ ఏడాది నుంచి ఉందో

స్వీడన్‌లో 1947 నుంచి ప్రతి నివాసికీ వ్యక్తిగత సంఖ్య ఉంది. పుట్టిన తేదీతో మొదలై తనిఖీ అంకెతో ముగిసే ఈ సంఖ్యే రిజిస్టర్లన్నిటినీ కలిపే దారం.

జాతీయ రోగుల రిజిస్టర్‌ను అక్కడి జాతీయ ఆరోగ్య సంక్షేమ బోర్డు నడుపుతుంది. 1964లో కొన్ని జిల్లాలతో మొదలై 1987 నాటికి దేశంలోని ఇన్‌పేషెంట్ చేరికలన్నిటికీ విస్తరించింది. స్పెషలిస్టుల అవుట్‌పేషెంట్ సందర్శనలు 2001 నుంచే చేరాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సందర్శనలు ఇందులో లేవు. జబ్బుల కోడ్లు 1987 నుంచి అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ 9లో, 1997 నుంచి ఐసీడీ 10లో ఉంటాయి. దక్షిణాన ఉన్న స్కోనె ప్రాంతం మాత్రం 1998లో మారింది. మీ పరిశీలన 1997లో మొదలైతే పాత జబ్బుల కోసం వెనక్కి వెళ్లినప్పుడు రెండు కోడ్ల పట్టికలూ పక్కపక్కనే పెట్టుకోవాల్సిందే.

గుండె ఆపరేషన్లకు ప్రత్యేక రిజిస్టర్ 1992 నుంచి ఉంది. గుండెపోటు, యాంజియోప్లాస్టీ రిజిస్టర్లతో కలిపి 2009లో దాన్ని స్వీడ్‌హార్ట్‌గా మార్చారు. పెద్దలకు గుండె ఆపరేషన్ చేసే కేంద్రాలు దేశం మొత్తం మీద ఎనిమిదే. వాల్వ్ మోడల్, గుండె పంపింగ్ శక్తి, ఆపరేషన్ అత్యవసరమా కాదా, బైపాస్ యంత్రం (ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసేది) మీద ఉన్న సమయం వంటివి ఇక్కడ దొరుకుతాయి. రోగుల రిజిస్టర్‌కు ఇవేవీ తెలియవు.

మరణం తేదీ జనాభా రిజిస్టర్ నుంచి, కారణం మరణ కారణాల రిజిస్టర్ నుంచి వస్తాయి. తేదీని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. కారణాన్ని అలా నమ్మలేం, ఎందుకంటే శవపరీక్షలు తక్కువ, డెబ్బై ఎనభై ఏళ్లవారి ధ్రువపత్రంపై గుండె జబ్బు అని రాయడం తేలిక. అందుకే మొదటి ఫలితంగా అన్ని కారణాల మరణాన్నే పెట్టుకోండి. మందుల రిజిస్టర్ 2005 జులైలో మొదలైంది. ఫార్మసీలో కొన్న మందులే అందులో ఉంటాయి, ఆసుపత్రి వార్డులో ఇచ్చినవి ఉండవు. చదువు, ఆదాయం కావాలంటే ప్రభుత్వ గణాంకాల సంస్థ స్టాటిస్టిక్స్ స్వీడన్‌ను అడగాలి.

అంటే రోగుల రిజిస్టర్ బలం ఆపరేషన్ తర్వాతి కాలంలో ఉంది, గుండె సర్జరీ రిజిస్టర్ బలం ఆపరేషన్ రోజున ఉంది. రెండూ కలపకుండా చేసే పోలిక నిలబడటం కష్టం.

మూడో అంచె: అనుమతులు, వేరియబుల్స్ పట్టిక

2019 నుంచి నైతిక అనుమతి మొత్తం దేశానికి ఒకే అథారిటీ ఇస్తోంది. అది వచ్చాక ప్రతి రిజిస్టర్ యజమానికీ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. వాళ్లు గోప్యత పరీక్ష చేసి, వ్యక్తిగత సంఖ్య తీసేసి, దాని చోట వరుస సంఖ్య పెట్టి ఫైళ్లు ఇస్తారు. ఏ వరుస సంఖ్య ఎవరిదో తెలిపే తాళంచెవి మీ చేతికి రాదు. నెలలు పట్టే పని ఇది.

ఇక్కడ జరిగే నష్టం ఎప్పుడూ ఒకటే: ఒక వేరియబుల్ అడగడం మరిచిపోతారు, దానికోసం సవరణ అనుమతి తెచ్చుకుని మళ్లీ వరుసలో నిలబడతారు. అలా కాకుండా దరఖాస్తుకు ముందే ఒక పట్టిక తయారు చేయండి. ప్రతి వేరియబుల్‌కు రిజిస్టర్ పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, కోడ్లు, ఏ విశ్లేషణలో వాడతారు అన్న నాలుగు గడులు ఉండాలి. నాలుగో గడి నింపలేకపోతే ఆ వేరియబుల్ అడగొద్దు, బోర్డు కూడా ఎందుకని ప్రశ్నిస్తుంది. ఎక్కువమంది మరిచేవి ఇవి: వలస వెళ్లిన, తిరిగొచ్చిన తేదీలు, వ్యక్తిగత సంఖ్య గతంలో మరొకరికి ఇచ్చినదైతే ఆ సూచిక, ఆసుపత్రి కోడ్, రోగనిర్ధారణల వరుస స్థానం. చివరిది లేకపోతే పక్షవాతం ఆ చేరికకు ప్రధాన కారణమో, పాత విషయంగా రాసినదో ఎప్పటికీ తేలదు.

నాలుగో అంచె: రోగుల జాబితా కట్టడం

గుండె సర్జరీ రిజిస్టర్‌లోని జాబితాతో మొదలుపెట్టి, రోగుల రిజిస్టర్‌లోని ఆపరేషన్ కోడ్లతో సరిచూడండి. 1997 నుంచి స్వీడన్ నార్డిక్ దేశాల ఉమ్మడి ఆపరేషన్ కోడ్లు వాడుతోంది. బృహద్ధమని కవాటం మార్పిడి ఎఫ్ఎండీ గుంపులోకి వస్తుంది. ఎఫ్ఎండీ 00 మెకానికల్ వాల్వ్, ఎఫ్ఎండీ 10 టిష్యూ వాల్వ్. ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం గుండా కొత్త కవాటం వేసే టావీకి అదే గుంపులో వేరే కోడ్లున్నాయి కాబట్టి మొదటి మూడు అక్షరాలు చూసి గుంపంతా లాగితే టావీ రోగులు కూడా వచ్చి పడతారు. బైపాస్ సర్జరీ కోడ్లు ఎఫ్ఎన్ఏ నుంచి ఎఫ్ఎన్ఈ వరకు. కవాటంతో పాటు బైపాస్ చేసినవారిని ఉంచాలా తీసేయాలా అన్నది మొదటి పేజీలోనే రాసి ఉండాలి.

తీసేయాల్సినవారిని వరుసగా తీసేయండి, ప్రతి మెట్టు దగ్గర ఎంతమంది మిగిలారో రాయండి. ముందే గుండె ఆపరేషన్ అయినవారు, అదే సమయంలో మైట్రల్ కవాటం కూడా మార్చినవారు, బృహద్ధమనిని కూడా మార్చినవారు, స్వీడన్ నివాసులు కానివారు. తాత్కాలిక సంఖ్యతో చేరిన విదేశీయులను ఉంచితే వాళ్లు ఎప్పటికీ చనిపోనట్టే కనిపిస్తారు, ఎందుకంటే వాళ్ల మరణం ఈ రిజిస్టర్లకు చేరదు. కవాటానికి ఇన్ఫెక్షన్ ఉండగా ఆపరేషన్ అయినవారి ప్రమాదం మిగతావారికంటే చాలా ఎక్కువ. వారిని విడిగా చూడటం మేలు.

రెండు రిజిస్టర్లలో ఆపరేషన్ తేదీలు ఒకటి రెండు రోజులు తేడాగా ఉంటే సర్జరీ రిజిస్టర్ తేదీని తీసుకోండి. వారం కంటే తేడా ఉంటే అది వేరే చేరికేమో చూడండి. ఇంకో చిక్కు ఆసుపత్రి మార్పిడి. ఆపరేషన్ కేంద్రాలు ఎనిమిదే కావడంతో చాలామంది నాలుగైదు రోజులకే సొంత జిల్లా ఆసుపత్రికి వెళ్తారు, రిజిస్టర్‌లో అది కొత్త చేరికగా పడుతుంది. డిశ్చార్జి రోజే గానీ మర్నాడు గానీ మొదలైన చేరికను పాతదానితో కలిపి ఒకే చికిత్సగా లెక్కించాలి. కలపకపోతే తిరిగి చేరినవారి శాతం అబద్ధంగా పెరుగుతుంది, ఆపరేషన్ కేంద్రంలో ఉన్న రోజుల సంఖ్య అబద్ధంగా తగ్గుతుంది.

ఐదో అంచె: ఆపరేషన్ నాటికి ఉన్న జబ్బులు

ఎంత వెనక్కి చూడాలో ముందే నిర్ణయించి అందరికీ అంతే చూడండి. పదేళ్లు బాగానే ఉంటుంది. 1997లో ఆపరేషన్ అయినవారికి 1987 వరకు, 2013వారికి 2003 వరకు. దొరికినంత వెనక్కి చూస్తే తర్వాతి ఏళ్ల రోగులకు ఎక్కువ ఏళ్ల రికార్డు ఉంటుంది కాబట్టి వాళ్లే ఎక్కువ జబ్బుపడినట్టు కనిపిస్తారు.

అంత జాగ్రత్త పడినా 2001 గండం మిగులుతుంది. ఆ ఏడు అవుట్‌పేషెంట్ డేటా చేరడంతో మధుమేహం, రక్తపోటు, కర్ణికల లయ తప్పడం వంటివి ఒక్కసారిగా పెరిగినట్టు తోస్తుంది. పెరిగింది నమోదు మాత్రమే. ఏడాదివారీగా ప్రతి జబ్బు శాతాన్ని గీసి చూడండి, మెట్టు ఎక్కినట్టు గీత ఎగిసినచోట రిజిస్టర్ నిబంధన ఏదో మారి ఉంటుంది. పరిష్కారాలు రెండు: అన్ని ఏళ్లకూ ఇన్‌పేషెంట్ డేటానే వాడటం, లేదా ఆపరేషన్ ఏడాదిని సర్దుబాటులో చేర్చడం. మేమైతే రెండూ చేస్తాం.

కోడ్ల విషయంలో గుండె వైఫల్యానికి ఐ50, లయ తప్పడానికి ఐ48, పాత గుండెపోటుకు ఐ21, ఐ25.2, మధుమేహానికి ఈ10 నుంచి ఈ14, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బుకు జే44, కిడ్నీ వైఫల్యానికి ఎన్18. ఆపరేషన్ జరిగిన చేరికలోనే రాసిన కోడ్లతో జాగ్రత్త. అక్కడ రాసిన మధుమేహం ముందునుంచీ ఉన్నదే, వాడవచ్చు. అక్కడ రాసిన ఐ48 ఆపరేషన్ తర్వాత మూడో రోజున వచ్చిన లయ తప్పడం కావచ్చు, చాలాసార్లు అదే. దాన్ని ముందున్న జబ్బుగా లెక్కిస్తే ఫలితాన్ని తెచ్చి కారణాల్లో పెట్టినట్టే. తీవ్ర కిడ్నీ దెబ్బ, పక్షవాతం కూడా అంతే.

ప్రాథమిక కేంద్రాలు రిజిస్టర్‌లో లేనందువల్ల అక్కడే మాత్రలు రాయించుకునే రక్తపోటు, మధుమేహ రోగులు తక్కువగా నమోదవుతారు. 2006 తర్వాతి రోగులకైతే మందుల రిజిస్టర్ ఆదుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు ఆరు నెలల్లో మందుల వర్గీకరణలో ఏ10తో మొదలయ్యే మందు ఒక్కసారైనా కొన్నవారిని మధుమేహులుగా తీసుకోవచ్చు. పొగతాగడం, బరువు, ఎంత దూరం నడవగలరు వంటివి రోగుల రిజిస్టర్‌లో ఎంత వెతికినా దొరకవు.

ఆరో అంచె: ఫలితాలకు నిర్వచనాలు

ఆపరేషన్ మరణాలకు ముప్పై రోజులనే వాడండి. ఆసుపత్రిలో మరణం అనే కొలత డిశ్చార్జి ఎంత త్వరగా చేస్తారన్నదానిపై ఆధారపడుతుంది. జిల్లా ఆసుపత్రికి పంపాక పోయినవారు ఆపరేషన్ కేంద్రం లెక్కలో ఉండరు. 2012లో వచ్చిన ఆపరేషన్ ప్రమాద స్కోరు యూరోస్కోర్ 2 మాత్రం ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని మరణాన్నే అంచనా కడుతుందని గుర్తుంచుకోండి. దాని అంచనాను ముప్పై రోజుల మరణాలతో నేరుగా పోల్చడం ఎక్కడపడితే అక్కడ కనిపించే తప్పు.

పక్షవాతానికి ఐ61, ఐ63, ఐ64 కోడ్లు, అదీ ఇన్‌పేషెంట్ చేరికలో ప్రధాన రోగనిర్ధారణగా ఉన్నప్పుడు మాత్రమే. రెండో స్థానంలోనివి కూడా తీసుకుంటే ఫిజియోథెరపీకి వచ్చిన ప్రతిసారీ కొత్త పక్షవాతం లెక్కవుతుంది. ఇందులో ఒక రంధ్రముంది. ఆపరేషన్ జరిగిన చేరికలో వచ్చిన పక్షవాతం ఎప్పుడూ రెండో స్థానంలోనే ఉంటుంది, ఎందుకంటే ప్రధాన కారణం కవాటం జబ్బు. దానికి విడిగా సర్జరీ రిజిస్టర్‌లోని నమోదును వాడాలి.

పెద్ద రక్తస్రావానికి తలలో ఐ60 నుంచి ఐ62, జీర్ణకోశంలో కే92.0 నుంచి కే92.2, రక్తం కారుతున్న పుండ్ల కోడ్లు. మెదడులో రక్తస్రావం పక్షవాతంలోనూ రక్తస్రావంలోనూ పడుతుంది. రెండు చోట్లా విడివిడిగా చూపడం సరే గానీ కలిపిన ఫలితంలో ఒక్కసారే లెక్కించాలి. డీ62, అంటే రక్తం పోవడం వల్ల రక్తహీనత, వాడొద్దు. గుండె ఆపరేషన్ అయినవారిలో చాలామందికి అది రాస్తారు.

మళ్లీ ఆపరేషన్ అన్న ఫలితం చూడటానికి సులువు, నిజానికి అన్నిటికంటే మోసపుచ్చేది ఇదే. పాడైన టిష్యూ వాల్వ్ లోపలే టావీ వాల్వ్ వేయడం ఇప్పుడు మామూలైంది. ఛాతీ తెరిచిన ఆపరేషన్లనే లెక్కిస్తే ఇటీవలి ఏళ్లలో టిష్యూ వాల్వ్ ఎక్కువకాలం మన్నుతున్నట్టు కనిపిస్తుంది, పాడైన వాల్వ్‌లు మరో తలుపు గుండా వెళ్లిపోయాయన్నది కనిపించదు. టావీ కోడ్లు కలపండి. కలిపినా ఇది కొలిచేది వాల్వ్ పాడవడాన్ని కాదు, పాడైన వాల్వ్‌కు మళ్లీ చికిత్స చేయాలన్న నిర్ణయాన్ని. ఎనభై రెండేళ్ల బలహీన రోగికి ఎకోలో వాల్వ్ పూర్తిగా బిగుసుకుపోయి కనిపించినా ఎవరూ చేయి వేయకపోవచ్చు. అలాంటివారు ఈ లెక్కలో ఆరోగ్యవంతులే. గుండె వైఫల్యంతో చేరికలను పక్కనే మరో ఫలితంగా పెట్టుకుంటే ఈ లోటు కొంత బయటపడుతుంది.

కోడ్లు ఎంత నిజమో తనిఖీ చేయండి. కోడ్ ఉన్న చేరికల్లోంచి యాదృచ్ఛికంగా 150 తీసి, అనుమతితో కేసు షీట్లు తెప్పించి, కోడ్ చూడని ఇద్దరు డాక్టర్లతో విడివిడిగా చదివించండి. 138 నిజమైతే కచ్చితత్వం 92 శాతం, నమ్మకపు హద్దులు సుమారు 86 నుంచి 95 శాతం. స్వీడన్ రోగుల రిజిస్టర్‌లో చాలా జబ్బులకు ఇది 85 నుంచి 95 శాతం మధ్య ఉన్నట్టు 2011లో వచ్చిన సమీక్షలో తేలింది. అయితే ఈ తనిఖీ కోడ్ ఉన్నవారిలో ఎంతమందికి నిజంగా జబ్బుందో చెబుతుంది, జబ్బున్నా కోడ్ పడనివారి గురించి ఏమీ చెప్పదు.

ఏడో అంచె: కాలాన్ని లెక్కించడం

ప్రతి రోగికీ గడియారం ఆపరేషన్ రోజున మొదలై ఫలితం, మరణం, దేశం విడిచిన తేదీ, డేటా ముగింపు తేదీ, వీటిలో ఏది ముందైతే అక్కడ ఆగుతుంది. రిజిస్టర్లన్నీ ఒకే తేదీన ముగియవు. మరణాలు డిసెంబరు వరకు వచ్చి చేరికలు జూన్ వరకే వస్తే జూన్‌లోనే ఆపాలి. లేకపోతే చివరి ఆరు నెలలు ఎవరికీ పక్షవాతం రానట్టు తేలుతుంది.

మరణం కాని ఫలితాలకు మరణం పోటీదారు. ఊహా లెక్క ఒకటి చూడండి. వంద మందిలో మొదటి ఐదేళ్లలో నలభై మంది మళ్లీ ఆపరేషన్ లేకుండానే చనిపోయారు. మిగిలిన అరవై మందిలో తర్వాతి ఐదేళ్లలో పన్నెండు మందికి మళ్లీ ఆపరేషన్ అయింది. వందకు పన్నెండు, 12 శాతం. చనిపోయినవారిని మధ్యలో తప్పుకున్నవారిగా భావించే కప్లాన్-మేయర్ పద్ధతి అరవైకి పన్నెండు అని 20 శాతం చూపిస్తుంది. చనిపోయినవారు బతికుంటే మిగతావారిలాగే ఆపరేషన్‌కు వచ్చేవారని అది అనుకుంటుంది. నీ వాల్వ్ పదేళ్లలో మార్చాల్సి వచ్చే అవకాశం ఎంత అని రోగికి చెప్పాలంటే 12 శాతమే సరైనది, దానికి ఆలెన్-జోహాన్సెన్ పద్ధతి వాడాలి. గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లోని సర్వైవల్ ప్యాకేజీ దీన్ని నేరుగా ఇస్తుంది.

మరో గొయ్యి మందుల దగ్గర ఉంది. డిశ్చార్జి అయ్యాక ఏడాదిలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కొన్నవారిని ఒక గుంపుగా, కొననివారిని మరో గుంపుగా చేసి ఆపరేషన్ రోజు నుంచే గడియారం పెడితే స్టాటిన్ అద్భుతంగా ప్రాణాలు కాపాడుతున్నట్టు వస్తుంది. మూడో వారంలో చనిపోయిన రోగికి మందు కొనే సమయమే దొరకలేదు, అతడు కొననివారి లెక్కలో పడ్డాడు. తొంభయ్యో రోజును కొత్త సున్నా రోజుగా పెట్టి, అప్పటికి బతికున్నవారిని, అప్పటివరకు కొన్నదాన్ని బట్టి విడదీయండి. లేదంటే మందును కాలంతో మారే వేరియబుల్‌గా నమూనాలో పెట్టండి.

ఎనిమిదో అంచె: రెండు గుంపులను పోల్చదగినవిగా చేయడం

సర్జన్ వాల్వ్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకోడు. మెకానికల్ వాల్వ్‌కు రక్తం పల్చబడే మందు జీవితాంతం కావాలి. దాన్ని సరిగా వేసుకోలేడనుకున్నవారికి, ఎక్కువకాలం బతకడనుకున్నవారికి టిష్యూ వాల్వ్ వైపు మొగ్గుతాడు. కాబట్టి సర్దుబాటు చేయని పోలికలో మెకానికల్ వాల్వ్ గెలిస్తే అందులో ఎంపిక వాటా ఎంతో తెలియదు.

ప్రతి రోగికీ తనకు వేసిన రకం వాల్వ్ పొందే సంభావ్యతను వయసు, లింగం, ఆపరేషన్ ఏడాది, ఆసుపత్రి, గుండె పంపింగ్ శక్తి, కిడ్నీ పనితీరు, పాత జబ్బులు, అత్యవసరమా కాదా, చదువు, ఆదాయం నుంచి అంచనా వేసి, దాని విలోమంతో బరువులు ఇవ్వడం ఒక మంచి దారి. బరువులిచ్చాక ప్రతి వేరియబుల్‌లోనూ ప్రామాణిక తేడా 0.1 లోపు ఉండాలి. సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేదే ఈ సంఖ్య. పీ విలువ చూడొద్దు, వేలమంది ఉన్నచోట పనికిరాని తేడా కూడా దానికి పెద్దదే. ఎవరికైనా బరువు 20, 30 వస్తుంటే ఆ రోగిలాంటివారు అవతలి గుంపులో దాదాపు లేరని అర్థం. 68 ఏళ్లవారిలో మెకానికల్ వాల్వ్ చాలా అరుదైతే అక్కడ పోలిక చేయకుండా వయసు హద్దు తగ్గించడమే నిజాయితీ.

అయినా కనిపించని తేడా మిగులుతుంది. వాల్వ్ రకంతో ఏ సంబంధమూ ఉండకూడని ఫలితం ఒకదాన్ని అదే నమూనాలో పెట్టి చూడండి. ధూమపానం వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ అందుకు బాగా పనికొస్తుంది. ఒక గుంపులో అది ఎక్కువగా వస్తుంటే ఆ గుంపులో పొగతాగేవారు ఎక్కువున్నారని, మీ సర్దుబాటు దాన్ని పట్టలేదని తెలుస్తుంది.

తొమ్మిదో అంచె: ఆసుపత్రులను పోల్చాలంటే

ఆసుపత్రి పేరు పక్కన మరణాల శాతం రాసి ర్యాంకు ఇవ్వడం తప్పు పద్ధతి. ఏడాదికి 200 ఆపరేషన్లు చేసే కేంద్రంలో రోగుల స్థితిని బట్టి 2 శాతం, అంటే నలుగురి మరణం ఊహించదగినదైతే, ఒక్కరి నుంచి ఎనిమిది మంది దాకా పోవడం అదృష్ట దురదృష్టాల హద్దులోనే ఉంటుంది. ఏడు మరణాలున్న కేంద్రం రెండు మరణాలున్నదానికంటే అధ్వానమని ఆ సంఖ్యలు చెప్పలేవు. మూడేళ్లు కలపండి. జరిగిన మరణాలను ఊహించిన మరణాలతో భాగించండి. ఆపరేషన్ల సంఖ్యను అడ్డంగా పెట్టి, గరాటు ఆకారంలో 95, 99.8 శాతం హద్దులు గీయండి. 99.8 హద్దు దాటితే విచారణ మొదలవ్వాలి, అదీ డేటాతో: కోడ్లు సరిగా పడ్డాయా, అత్యవసర కేసులు ఎన్ని, రోగి స్థితి గడులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడిని జబ్బు లేదని భావించే కేంద్రంలో ఊహించిన మరణాలు తక్కువగా వస్తాయి, దాంతో బాగా పనిచేసినా చెడ్డపేరు వస్తుంది.

యూరోస్కోర్ 2 కట్టింది 2010 నాటి రోగులతో. వాడేముందు మీ దేశపు డేటాతో దాన్ని తిరిగి సరిదిద్దండి. లేకుంటే అన్ని కేంద్రాలూ ఊహించినదానికంటే మెరుగ్గా ఉన్నట్టు తేలి, వెనకబడినది దాక్కుంటుంది.

రాసేటప్పుడు పరిశీలన అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే స్ట్రోబ్, దానికి అనుబంధంగా 2015లో వచ్చిన రికార్డ్ తనిఖీ పట్టికలను అనుసరించండి. కోడ్ల జాబితా మొత్తం జత చేయండి. ఐదుగురికంటే తక్కువమంది ఉన్న గడులను దాచండి, చిన్న దేశంలో అరుదైన ఆపరేషన్ అయిన ముగ్గురిని గుర్తుపట్టడం తేలిక.

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ పని చేయాలనుకుంటే

స్వీడన్ ఫలితాలను ఇక్కడి రోగులకు నేరుగా అంటించకూడదు. అక్కడ కవాటం మార్చేది ఎక్కువగా వయసుతో గట్టిపడిన బృహద్ధమని కవాటాన్ని. ఇక్కడ కీళ్ల జ్వరం వల్ల దెబ్బతిన్న మైట్రల్ కవాటంతో వచ్చే ఇరవై, ముప్పై ఏళ్లవారు చాలామంది. వారిలో పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఉంటారు, ఊళ్లో రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష దొరకనివారు ఉంటారు. 50 దాటినవారి బృహద్ధమని కవాటం లెక్క వారికి దారి చూపదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల క్లెయిమ్ డేటాలో ఆపరేషన్, ఆసుపత్రి, తేదీ, ఖర్చు ఉంటాయి. అది డబ్బు చెల్లించడానికి కట్టిన డేటా. పథకం బయట చేయించుకున్న చికిత్స, ఇంట్లో జరిగిన మరణం అందులోకి రావు. కాబట్టి అక్కడ క్లెయిమ్ లేకపోవడాన్ని క్షేమంగా ఉన్నట్టు చదవకండి. ఆసుపత్రి స్థాయిలో చిన్న రిజిస్టర్ కట్టుకోవాలంటే ఇరవై తొమ్మిది గడులు చాలు. యూరోస్కోర్ 2కు కావాల్సిన పద్దెనిమిది, కీళ్ల జ్వరం చరిత్ర, వాల్వ్ మోడల్, సైజు, సీరియల్ నంబరు, బైపాస్ యంత్రం సమయం, ఆపరేషన్ తేదీ, డిశ్చార్జి తేదీ, ఆభా (జాతీయ ఆరోగ్య ఖాతా) సంఖ్య, ఇంటి మండలం, వేర్వేరు మనుషులవి రెండు ఫోన్ నంబర్లు.

ముప్పయ్యో రోజున, ఆరో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి ఫోన్ చేయాలి. అడగాల్సినవి నాలుగే: రోగి ఉన్నారా, మళ్లీ ఆసుపత్రిలో చేరారా, చేరితే ఎందుకు, చివరి ఐఎన్ఆర్ ఎంత, ఏ తేదీన. బతికున్నారు, చనిపోయారు, అందలేదు అని మూడు వేర్వేరు గడులు పెట్టండి. అందనివారిని బతికున్నవారిలో కలిపితే మరణాలు సగానికి తగ్గినట్టు కనిపించవచ్చు. అందనివారు పది శాతం దాటితే ఆ ఏడాది ఫలితాన్ని ప్రకటించకుండా, ఆశా కార్యకర్త ద్వారా గానీ పంచాయతీ మరణాల నమోదు ద్వారా గానీ ముందు వాళ్ల ఆచూకీ తీయండి.